“నొప్పి లేదు కదా” అనే మాట – మన లోపలి పొరల సంగతి



మా ఓ.పి.లో మేము రోజూ వినే మాట ఒకటుంది. “నొప్పి లేదు కదా సిస్టరమ్మా, ఇక పరీక్ష ఎందుకు?” నోట్లో తెల్లమచ్చ ఉన్న పెద్దాయన ఈ మాటే అంటారు. ముప్పై అయిదేళ్ళ తల్లిని గర్భాశయ ముఖద్వారం పరీక్ష చేయించుకోమంటే ఆమె కూడా ఇదే అంటుంది. మోకాళ్ళ మాత్రలు నెలల తరబడి మింగుతున్న అమ్మమ్మగారు, “మాత్ర వేసుకుంటే హాయిగా ఉంది, కడుపులో ఏ బాధా లేదు” అని నవ్వేస్తారు. ఇంకొక రకం కుటుంబాలూ వస్తాయి. కడుపు నొప్పితో మెలికలు తిరిగిపోతున్న పిల్లవాడికి రెండు రోజులు ఇంట్లోనే ఆముదం తాగించి, కాపడం పెట్టి, నొప్పి ఇంజెక్షన్ వేయించి, మూడో రోజు రాత్రి ఆటోలో తీసుకువస్తారు.

ఈ రెండు రకాల వారూ చేసే పొరపాటు ఒక్కటేనని మా అభిప్రాయం. శరీరంలోని లోపలి పొరల్లో కొన్ని మాట్లాడవు, కొన్ని గట్టిగా మొత్తుకుంటాయి. మాట్లాడని పొరను మనం మరచిపోతున్నాము. మొత్తుకునే పొర నోరు నొక్కేస్తున్నాము. ఈ రెండూ ప్రాణం మీదికి తెచ్చేవే. అందుకే ఈసారి ఈ పుటలో ఈ పొరల గురించే నాలుగు మాటలు చెప్పాలనుకున్నాము.

ముందుగా ఈ పొర అంటే ఏమిటి?

అద్దంలో మీ పెదవిని చూడండి. ముఖం మీది చర్మం పెదవి దగ్గరకు రాగానే రంగు మారి, తడిగా, ఎర్రగా లోపలికి వెళ్ళిపోతుంది. అక్కడితో ఆగదు. బుగ్గల లోపల, నాలుక మీద, గొంతులో, ఆహార నాళంలో, కడుపులో, ప్రేగుల్లో సాగి, మలద్వారం దగ్గర మళ్ళీ బయటి చర్మంతో కలుస్తుంది. ఊపిరి వెళ్ళే గొట్టాలకు, మూత్రం వచ్చే దారికి, స్త్రీల గర్భాశయానికి కూడా లోపల ఇటువంటి అస్తరే ఉంటుంది. చొక్కా లోపల కుట్టిన అస్తరు బట్ట లాంటిదన్నమాట. బడిలో పిల్లలు చదివే జీవశాస్త్ర పుస్తకంలో దీని పై వరుసను ఉపకళా కణజాలం అంటారు. తడిగా, జిగురుగా ఉంటుంది కనుక మనం జిగురు పొర అని పిలుచుకుందాము.

అన్ని చోట్లా ఇది ఒకే విధంగా ఉండదు. నోటిలో, ఆహార నాళంలో గట్టి ముద్దలు రాసుకుంటూ పోతాయి కాబట్టి అక్కడ పలుచని పెంకుల్లాంటి కణాలు వరుస మీద వరుసగా ఉంటాయి. కడుపులో, ప్రేగుల్లో స్తంభాల్లా నిలబడిన కణాలు ఒకే వరుసలో ఉంటాయి. ఊపిరి గొట్టాల్లోని కణాలకు సన్నని నూగు ఉండి, దుమ్మును, కఫాన్ని చీపురుతో ఊడ్చినట్లు పైకి తోస్తుంది. పని ఎలాంటిదో పొర అలాంటిది.

పెద్దవారి బయటి చర్మం పరిస్తే సుమారు 2 చదరపు మీటర్లు ఉంటుంది. నోటి నుండి మలద్వారం వరకు ఉన్న లోపలి పొరను మడతలన్నీ విప్పి పరిస్తే సుమారు 30 చదరపు మీటర్లని 2014లో స్వీడన్ పరిశోధకులు లెక్క కట్టారు. అంతకు ముందు పుస్తకాలు దీన్ని టెన్నిస్ మైదానమంత అని చెప్పేవి. తగ్గించి చెప్పిన ఈ లెక్క ప్రకారమైనా అది బయటి చర్మానికి 15 రెట్లు. ప్రేగుల పొరలోని కణాలు 3 నుండి 5 రోజుల్లో రాలిపోయి కొత్తవి వస్తాయి. అంటే పోయిన ఆదివారం మీ ప్రేగులో ఉన్న అస్తరు ఈ ఆదివారానికి దాదాపు లేదు. తనను తాను బాగుచేసుకునే ఇంత శక్తి ఉన్న పొర ఇది. దానికి మనం అడ్డుపడకపోతే చాలు.

ఇంకో రకం పొర ఉంది. అది బయటికి తెరుచుకోని చోట్ల ఉంటుంది. ఊపిరితిత్తుల చుట్టూ ఒకటి, గుండె చుట్టూ ఒకటి, కడుపు గోడ లోపలి వైపు, ప్రేగుల చుట్టూ ఒకటి. కడుపులోని ఈ పొరను డాక్టర్లు పెరిటోనియం అంటారు. దానిలో కొద్దిపాటి నీరు ఊరుతుంది. ఆ నీటి వల్లనే ప్రేగులు ఒకదాని మీద ఒకటి రాపిడి లేకుండా జారుతుంటాయి.

మాట్లాడని పొర

జిగురు పొర ఎందుకు మాట్లాడదు? చర్మం మీద చిన్న ముల్లు గుచ్చుకున్నా మనకు తెలుస్తుంది. కడుపు లోపల అలా కాదు. లోపలి అవయవాల నరాలకు ముఖ్యంగా సాగడం, బిగుసుకోవడం తెలుస్తాయి గాని, కోత అంతగా తెలియదు. ఎండోస్కోపీ గదిలో పనిచేసే మా నర్సులకు ఇది బాగా తెలుసు. గొట్టం మింగడానికి రోగి ఇబ్బంది పడతారు. కాని డాక్టరు గారు కడుపు పొర నుండి చిన్న ముక్క తుంచి తీసినప్పుడు రోగికి ఆ సంగతే తెలియదు. “అయిపోయిందా?” అని అడుగుతారు. ముక్క తీసినా తెలియని చోట పుండు మొదలైతే నొప్పి పుట్టి చెబుతుందని ఎలా నమ్ముతాము?

మూడు చోట్ల సంగతి చెబుతాము.

మొదటిది కడుపు. మన కడుపులో ఊరే ఆమ్లం చాలా ఘాటైనది. మాంసాన్ని కరిగించే ఆ ఆమ్లం కడుపు గోడను ఎందుకు కరిగించదు? పొర మీద జిగురు దట్టంగా పూసి ఉంటుంది. దాని కింద ఆమ్లాన్ని విరిచే క్షారం ఊరుతుంది. ఈ రెండింటినీ ఊరించడానికి, పొరకు రక్తం సరిగా అందడానికి ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు కావాలి. విచిత్రం ఏమిటంటే, ఒంట్లో నొప్పిని, వాపును పుట్టించేవి కూడా ప్రోస్టాగ్లాండిన్లే. ఆస్పిరిన్ వంటి మందులు వీటి తయారీని ఆపి నొప్పి తగ్గిస్తాయని 1971లో జాన్ వేన్ అనే శాస్త్రవేత్త చూపించారు. 1982లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ మాత్రలు చేసే పని కూడా ఇదే. మోకాలిలో నొప్పి తగ్గుతుంది, అదే సమయంలో కడుపులో కాపలా తగ్గుతుంది.

ఇక్కడ మన వాళ్ళలో రెండు నమ్మకాలున్నాయి. మాత్ర అయితే కడుపు పాడవుతుంది గాని ఇంజెక్షన్ అయితే ఏమీ కాదని ఒకటి. అది నిజం కాదు. మందు నరం ద్వారా వెళ్ళినా, కండ ద్వారా వెళ్ళినా రక్తంలో కలిసి కడుపు పొరను చేరుతుంది, అక్కడ కాపలాను తగ్గిస్తుంది. అన్నం తిన్నాక వేసుకుంటే ఇక భయం లేదని రెండోది. తిన్నాక వేసుకోవడం మంచిదే, మంట తగ్గుతుంది. కాని పుండు పడే ప్రమాదం దానితో పోదు.

మందు నొప్పిని చంపుతుంది కదా, పుండు నొప్పి కూడా చాలాసార్లు తెలియదు. మొదటి గుర్తే రక్తం కావచ్చు. మలం తారులాగా నల్లగా, జిగటగా, చెడు వాసనతో వస్తుంది. “రక్తం మాత్రలు వేసుకుంటున్నాను కదా, దానివల్లనే” అనుకుని వారం రోజులు చూసి, నిలబడితే కళ్ళు తిరిగి పడిపోతే అప్పుడు తెచ్చిన పెద్దవాళ్ళను మేము ఫిమేల్ వార్డులో, మేల్ వార్డులో ఎంతమందినో చూశాము. వారిలో చాలామంది చెప్పేది ఒకటే: “కడుపులో ఎప్పుడూ నొప్పి లేదు.” అరవై ఏళ్ళు దాటినవారు, ఇంతకు ముందు పుండు ఉన్నవారు, స్టిరాయిడ్లు గాని, గుండెకు రక్తం పలచబడే మందులు గాని వాడేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. మెడికల్ షాపులో “ఒళ్ళు నొప్పులకు నాలుగు మాత్రలివ్వండి” అని అడిగి తెచ్చుకోవడం వీరికి అసలు తగదు. పక్కింటి వదినగారికి పనిచేసింది కదా అని ఆమె చీటీ మీద మనం కొనుక్కోవడం అంతకన్నా తగదు.

కడుపు పుండుకు మరో కారణం హెలికోబాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవి. పుండు అంటే కారం తినడం, దిగులు పడడం అని లోకమంతా నమ్ముతున్న రోజుల్లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే ఇద్దరు డాక్టర్లు ఈ సంగతి చెప్పారు. ఎవరూ నమ్మకపోతే మార్షల్ గారు 1984లో ఆ సూక్ష్మజీవులున్న ద్రవాన్ని తానే తాగి జబ్బు తెచ్చుకుని చూపించారు. 2005లో వారిద్దరికీ నోబెల్ బహుమతి ఇచ్చారు. దీని వల్ల మనకు కలిగిన మేలు ఏమిటంటే, ఏళ్ళ తరబడి బాధపెట్టే పుండు కూడా సరైన మందులు రెండు వారాల పాటు వాడి ఆ సూక్ష్మజీవిని పోగొడితే మానిపోతుంది, మళ్ళీ మళ్ళీ రావడం చాలావరకు ఆగుతుంది. కాని దానికి పరీక్ష కావాలి. పొద్దున్నే గ్యాస్ మాత్ర వేసుకుని ఏళ్ళు గడిపేస్తే మంట అణుగుతుంది, కారణం మాత్రం లోపలే ఉంటుంది.

రెండోది నోరు. ఇది లోపలి పొరే అయినా అద్దంలో కనబడుతుంది. కనబడుతున్నా చూడము. వక్క, పాన్ మసాలా, గుట్కా, ఖైనీ, చుట్ట – వీటికి రోజూ తగిలే పొర ఇదే. ఉత్తర కోస్తాలో, ముఖ్యంగా శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల్లో చుట్టను వెలిగించిన కొన నోటి లోపలికి పెట్టుకుని తాగే అలవాటుంది. అడ్డపొగ అంటారు. ఇది మగవారికన్నా ఆడవారిలో ఎక్కువ. నిప్పు వేడి, పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. 1971లో పిండ్‌బోర్గ్ అనే డెన్మార్క్ దంతవైద్యుడు, మెహతా గారు, వారి తోటివారు శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్తుల నోళ్ళు చూసి, ఈ అలవాటు అంగిలి పొరను ఎలా మార్చివేస్తుందో ప్రచురించారు. ప్రపంచంలో ఎక్కడ ఈ విషయం చదివినా మన శ్రీకాకుళం పేరు వస్తుంది. గర్వపడే సంగతి కాదు ఇది, కళ్ళు తెరవవలసిన సంగతి.

వక్కలో పొగాకు లేదు కదా, అది ఏమీ చేయదని చాలామంది అంటారు. వక్క ఒక్కటే కూడా క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రకటించింది. వక్క, పాన్ మసాలా ఎక్కువగా నమిలేవారికి బుగ్గల లోపలి పొర కింద నార పేరుకుని గట్టిపడుతుంది. ముందు కారం తగిలితే మంట. తరువాత నోరు తెరవడం తగ్గుతుంది. మీ మూడు వేళ్ళు ఒకదాని మీద ఒకటి పెట్టి నిలువుగా నోట్లో పెట్టుకోండి. పట్టాలి. పట్టకపోతే చూపించుకోండి. కాలేజీ కుర్రవాళ్ళు నోరు తెరవలేక, నెమ్మదిగా ముద్ద చిన్నది చేసుకుని తింటుంటే తల్లులు “వీడికి ఆకలి లేదు” అనుకుంటున్నారు.

తుడిస్తే పోని తెల్లమచ్చ, ఎర్రమచ్చ, మూడు వారాలైనా మానని పుండు – ఈ మూడింటికీ నొప్పి ఉండకపోవచ్చు. వేడి తగిలితే పూసే మామూలు నోటి పుండు బాగా మంట పుడుతుంది, వారం పది రోజుల్లో పోతుంది. దానికి భయపడనక్కరలేదు. భయపడవలసినది నొప్పి లేకుండా నిలిచిపోయిన మచ్చకు. మచ్చలన్నీ క్యాన్సర్ కావు, చాలా కావు. అలవాటు మానితే కొన్ని మచ్చలు తగ్గిపోతాయి కూడా. ఏది తగ్గేదో ఏది కాదో చూసి చెప్పడానికే డాక్టరు ఉన్నారు.

మూడోది గర్భాశయ ముఖద్వారం. దీని గురించి మాట్లాడడానికి మన స్త్రీలు సిగ్గుపడతారు కనుక మేమే మాట్లాడతాము. అక్కడ రెండు రకాల పొరలు కలుస్తాయి. బయటి వైపు పెంకుల్లాంటి కణాలు, లోపలి వైపు స్తంభాల్లాంటి కణాలు. ఆ కలిసే అంచు దగ్గరే హెచ్.పి.వి. అనే వైరస్ ఎక్కువగా చేరుతుంది. చాలామందిలో అది దానంతట అదే పోతుంది. కొద్దిమందిలో నిలిచిపోయి పొరను మెల్లగా మారుస్తుంది. మామూలు రోగనిరోధక శక్తి ఉన్న స్త్రీలో ఆ మార్పు క్యాన్సర్ కావడానికి సాధారణంగా 15 నుండి 20 ఏళ్ళు పడుతుంది. ఈ ఏళ్ళలో ఒక్క రోజు కూడా నొప్పి ఉండదు. రక్తస్రావం, దుర్వాసన, నడుము నొప్పి అంటూ వచ్చేసరికి పొర దాటి లోతుకు పోయి ఉంటుంది.

15 ఏళ్ళు! ఏ జబ్బు మనకు ఇంత గడువు ఇస్తుంది? ఆ పొరను గీసి కణాలను గాజు పలక మీద చూసి ముందే పట్టుకోవచ్చని పాపనికొలావ్, ట్రౌట్ అనే డాక్టర్లు 1941లోనే ప్రచురించారు. ఆ పరీక్షనే మనం పాప్ స్మియర్ అంటున్నాము. అంతకన్నా సులువైనదీ ఉంది. వెనిగర్ లాంటి పలుచని ఆమ్లంలో ముంచిన దూదిని ముఖద్వారానికి అద్ది ఒక నిమిషం ఆగి చూస్తారు. మారిన పొర తెల్లగా తేలుతుంది. కోత లేదు, కుట్టు లేదు, కొన్ని నిమిషాల పని. 2016లో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 30 నుండి 65 ఏళ్ళ స్త్రీలు అయిదేళ్ళకొకసారి ఈ పరీక్ష చేయించుకోవాలి. అయినా మన దేశంలో 2022లో సుమారు 1,27,000 మంది స్త్రీలకు ఈ క్యాన్సర్ కొత్తగా వచ్చిందని, దాదాపు 80,000 మంది చనిపోయారని అంచనా. 15 ఏళ్ళు గడువిచ్చిన జబ్బుకు ఇంతమంది తల్లులను అప్పగించడం మాకు భరించరానిదిగా ఉంది.

ఆడపిల్లలకు 9 నుండి 14 ఏళ్ళ మధ్య వేసే హెచ్.పి.వి. టీకా ఉంది. మన దేశంలోనే తయారైన టీకా కూడా 2023 నుండి దొరుకుతోంది. టీకా వేయించుకున్న పిల్లలు కూడా పెద్దయ్యాక పరీక్ష మానకూడదు.

మొత్తుకునే పొర

ఇప్పుడు రెండో రకానికి వద్దాము. కడుపు గోడ లోపలి వైపున్న పెరిటోనియంకు వచ్చే నరాలు చర్మానికి వచ్చే నరాల్లాంటివే. దానికి వాపు వస్తే ఊరుకోదు. సరిగ్గా ఇక్కడ అని వేలు పెట్టి చూపేటంత స్పష్టంగా మొత్తుకుంటుంది.

అపెండిసైటిస్ తీసుకోండి. మొదట బొడ్డు చుట్టూ ఎక్కడో తెలియని నొప్పి, వాంతి, ఆకలి లేకపోవడం. అది లోపలి అవయవం మాట. దానికి స్థలం చెప్పడం రాదు. కొన్ని గంటలకు వాపు బయటి పొరను తాకగానే నొప్పి కుడివైపు పొత్తికడుపులోకి దిగి అక్కడే నిలుస్తుంది. దగ్గితే నొప్పి. ఆటో గతుకులో పడితే నొప్పి. పిల్లవాడు మోకాళ్ళు ముడుచుకుని కదలకుండా పడుకుంటాడు. కడుపు బల్లలా గట్టిపడుతుంది. పొర ఇంత వివరంగా చెబుతుంటే మనం ఏమి చేస్తున్నాము? “వాయువు పట్టింది” అని ఆముదం తాగిస్తున్నాము. ఎనిమా ఇస్తున్నాము. వాచి ఉన్న ప్రేగును ఇవి ఇంకా బిగదీసి పగిలేటట్లు చేయగలవు. ఎవరో వచ్చి నొప్పి ఇంజెక్షన్ వేస్తే నిద్రపోయాడని సంతోషిస్తాము. ఒక్కోసారి ఇంజెక్షన్ లేకుండానే నొప్పి చప్పున తగ్గినట్లుంటుంది. అది తగ్గడం కాకపోవచ్చు, పగలడం కావచ్చు. కొద్ది గంటల్లో జ్వరం, కడుపు ఉబ్బరం, నాడి వేగంగా కొట్టుకోవడం మొదలవుతాయి. అప్పటికి చీము కడుపంతా పాకి ఉంటుంది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. డాక్టరు కడుపు చూసిన తరువాత ఆసుపత్రిలో నొప్పి మందు ఇవ్వడంలో తప్పు లేదు. బాధపడేవారిని బాధలో ఉంచమని మేము చెప్పడం లేదు. ఎవరూ చూడకముందే, కారణం తెలియకముందే నొప్పిని మాయం చేయవద్దని చెబుతున్నాము. ముసలివారిలో, చిన్న బిడ్డల్లో, షుగరు ఉన్నవారిలో ఈ గుర్తులు ఇంత స్పష్టంగా ఉండకపోవచ్చు. కనుక వారి విషయంలో ఇంకా త్వరపడాలి. ఊపిరితిత్తుల చుట్టూ ఉన్న పొర సంగతీ అంతే. గట్టిగా ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకల్లో పోటు వస్తే “పట్టేసింది” అని నూనె రాసి ఊరుకోవద్దు. న్యుమోనియా, టి.బి. కూడా అలాగే మొదలవుతాయి.

ఈ రెండు పొరలూ ఒకే రోగిలో కలిసే సందర్భం ఒకటుంది. మేము మాత్రల గురించి ఇంతగా చెప్పడానికి కారణం అదే. నెలల తరబడి నొప్పి మాత్రలు మింగిన వ్యక్తికి కడుపులో నిశ్శబ్దంగా పుండు పడుతుంది. అది లోతుగా తొలుచుకుంటూ పోయి ఒక రోజు గోడకు చిల్లు పెడుతుంది. కడుపులోని ఆమ్లం పెరిటోనియం మీద పడుతుంది. అంతవరకు ఒక్క మాట మాట్లాడని జబ్బు, ఆ క్షణంలో కత్తితో పొడిచినట్లు అరుస్తుంది. ఆ అరుపుకు కూడా ఇంకో నొప్పి ఇంజెక్షన్ వేయిస్తే ఇక ఆ మనిషికి మిగిలిన గడువు గంటల్లోనే.

మీరు అడిగే ప్రశ్నలు

“అన్నిటికీ పరీక్షలంటారు, ఆసుపత్రి వాళ్ళకు డబ్బు కోసం” అని కొందరు అనుకోవడం మాకు తెలుసు. అది పూర్తిగా అన్యాయమైన అనుమానమని మేము అనము. అక్కరలేని పరీక్షలు లోకంలో జరుగుతూనే ఉన్నాయి. అయితే మేమడిగిన వాటిని లెక్క చూడండి. పగటి వెలుతురులో అద్దం ముందు నోరు తెరిచి చూసుకోవడానికి ఖర్చు లేదు. మాత్ర మానడానికి ఖర్చు లేదు, డబ్బు మిగులుతుంది. వెనిగర్ పరీక్ష ప్రభుత్వ కార్యక్రమంలో ఉచితం. ఎండోస్కోపీ అందరికీ అక్కరలేదు. నల్లని మలం, రక్తపు వాంతి, కారణం లేకుండా బరువు తగ్గడం, ముద్ద దిగకపోవడం, తగ్గని రక్తహీనత – ఇవి ఉన్నవారికి మాత్రం ఆలస్యం చేయకూడదు.

“పరీక్షలో ఏమైనా బయటపడితే?” అనే భయం ఇంకొకటి. బయటపడినా పడకపోయినా లోపల ఉన్నది ఉంటుంది. పొర మీద ఉన్నప్పుడు తెలిస్తే చిన్న చికిత్సతో పోతుంది. ముఖద్వారం పొరలో వచ్చే తొలి మార్పులను చాలాసార్లు ఓ.పి.లోనే చల్లబరచో, వేడి చేసో తీసివేసి అదే రోజు ఇంటికి పంపుతారు. పొర దాటాక తెలిస్తే పెద్ద ఆపరేషన్, కరెంటు వైద్యం, అప్పులు.

మూడోది సిగ్గు. దీనికి స్త్రీలను తప్పుపట్టడం మాకు ఇష్టం లేదు. తెర లేని గదిలో, పదిమంది తిరిగే చోట పడుకోమంటే ఎవరికైనా సిగ్గే. తెర వేయడం, ఆడ సిబ్బందిని ఉంచడం, ఏమి చేస్తున్నామో ముందుగా చెప్పడం, ఫలితాన్ని అర్థమయ్యే తెలుగులో చెప్పడం ఆసుపత్రుల బాధ్యత. అవి లేకపోతే అడగండి, అడగడం మీ హక్కు. ఇంటి మగవారికి మాత్రం ఒక మాట. భార్య పరీక్షకు వెళ్తానంటే “నీకేమైంది ఇప్పుడు?” అని అడగకండి. ఆ పూట పిల్లలను మీరు చూసుకోండి. పొలం పని గాని, కూలి గాని ఒక పూట పోతే మళ్ళీ వస్తుంది.

ఇవి మీ ఇంట్లో చేయండి

మా అభిప్రాయాన్ని ఆచరణలో పెట్టడానికి నాలుగు పనులు చెబుతున్నాము.

ఇంట్లో పెద్దవాళ్ళు వాడే మాత్రలన్నీ ఒక సంచిలో వేసి, ఈసారి వచ్చేటప్పుడు తీసుకురండి. నొప్పి మాత్రలు ఏవో, ఒకే రకం మందు రెండు పేర్లతో వాడుతున్నారేమో మా నర్సులు చూసి డాక్టరు గారికి చెబుతారు. గుండె కోసం డాక్టరు ఇచ్చిన ఆస్పిరిన్‌ను మాత్రం మీ అంతట మీరు మానవద్దు.

నెలకొకసారి, ఇంట్లో పొగాకు గాని వక్క గాని వాడేవారు ఉంటే, కిటికీ దగ్గర వారి నోరు చూడండి. బుగ్గలు, నాలుక పక్కలు, నాలుక కింద, అంగిలి.

30 ఏళ్ళు దాటిన స్త్రీలు ఇద్దరు ముగ్గురు కలిసి పరీక్షకు రండి. తోడుంటే బెరుకు తగ్గుతుంది. అత్తగారు కోడలిని, కోడలు అత్తగారిని తీసుకురావచ్చు. పిల్లలు పుట్టడం ఆగిపోయింది కదా అని అత్తగారు ఇంట్లో ఉండిపోనక్కరలేదు.

ఆరు గంటలు దాటిన కడుపు నొప్పికి, కదిలితే ఎక్కువయ్యే నొప్పికి, గట్టిపడిన కడుపుకు ఆముదం వద్దు, ఎనిమా వద్దు, కాపడం వద్దు. నోటికి ఏమీ పెట్టకుండా ఆసుపత్రికి తీసుకురండి. రాత్రి అయినా సరే.

ఇన్నేళ్ళుగా వార్డుల్లో తిరుగుతూ మేము గ్రహించింది ఇంతే. నొప్పిని శత్రువుగా చూడడం మనకు అలవాటైంది. నొప్పి లేకపోతే క్షేమం, నొప్పి ఉంటే దాన్ని చంపెయ్యాలి అనుకుంటాము. కాని నొప్పి కబురు తెచ్చే మనిషి వంటిది. కొన్ని ఇళ్ళ నుండి కబురు అసలు రాదు, అక్కడికి మనమే వెళ్ళి చూడాలి. కొన్ని ఇళ్ళ నుండి పరుగెత్తుకొచ్చి చెబుతాడు, అతని మాట పూర్తిగా వినాలి. ఈ మాట మీ ఇంట్లో అందరికీ, చదువురాని పెద్దవాళ్ళకు కూడా, చదివి వినిపించండి. మాత్రల సంచి తీసుకురావడం మరచిపోకండి.